మొత్తం తీసేస్తే పీడా పోతుందా?

రొమ్ములో గడ్డ కాన్సరే అని తేలగానే మా వైపు ఇళ్ళలో మొట్టమొదట వినపడే మాట: "మొత్తం తీసేయమనండి, పీడా పోతుంది." సూర్యాపేటలో విన్నాను, కోదాడలో విన్నాను, మిర్యాలగూడలో విన్నాను. అనేది భర్త కావచ్చు, కొడుకు కావచ్చు, అమెరికా నించి ఫోన్లో మాట్లాడే అల్లుడు కావచ్చు. చాలాసార్లు ఆవిడే అంటుంది, "ఈ వయసుల నాకెందుకు బిడ్డా, తీసేయమను" అని. ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకుంటారు. నిర్ణయం అయిపోయింది. గట్టిగా ఐదు నిమిషాలు పట్టదు. అదే ఇంట్లో ఫ్రిజ్ కొనాలంటే మూడు షాపులు తిరుగుతారు.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. తొలి దశలో దొరికిన రొమ్ము కాన్సరుకి రొమ్ము మొత్తం తీసెయ్యడం ఒక దారి. అదొక్కటే దారి కాదు. చాలామందికి అది మిగతా దారులకన్నా ఎక్కువ ఆయుష్షునిచ్చేదీ కాదు. ఈ ముక్క ఆవిడకి, ఆవిడకే, ఆవిడకి అర్థమయ్యే తెలుగులో, కత్తి పెట్టకముందే చెప్పాలి. మా మూడూళ్ళలో అది జరగట్లేదు. ఏ వైద్యం చెయ్యాలో జబ్బుని బట్టి కాకుండా బస్సు రూటుని బట్టి తేలిపోతోంది. నా గొడవంతా దాని మీదే.

ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్ని కాను, సాఫ్ట్‌వేర్ వాణ్ణి. ఫలానా ఆవిడకి ఫలానా వైద్యం చెయ్యండని చెప్పే అర్హత నాకు లేదు. కానీ ప్రశ్న అడిగే అర్హత అందరికీ ఉంది. మా వృత్తిలో చిన్న ఫైలు డిలీట్ చెయ్యాలన్నా కంప్యూటరు "నిజంగానేనా?" అని ఒకసారి అడుగుతుంది. ఇక్కడ అన్‌డూ లేని పని చేస్తూ ఆ ఒక్క మాట అడగరేం?

సరే, అసలు విషయానికొద్దాం. ఈ "మొత్తం తీసెయ్యడం" ఎక్కడినించి వచ్చింది? పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలో బాల్టిమోర్ నగరంలో హాల్‌స్టెడ్ అనే సర్జన్ ఉండేవాడు. కాన్సరు ఒక చోట మొదలై చుట్టూ పాకుతూ పోతుందని అప్పటి నమ్మకం. అందుకని ఎంత వెడల్పుగా కోస్తే అంత మంచిదని ఆయన రొమ్ముతో పాటు ఛాతీ కండరాలూ, చంకలో గ్రంథులూ అన్నీ తీసేసేవాడు. దాదాపు డెబ్బై ఎనభై ఏళ్ళు ప్రపంచమంతా అదే దారిన నడిచింది. ఎవరూ పక్కపక్కన పెట్టి పోల్చి చూడలేదు. పెద్దాయన చేశాడు కాబట్టి మనమూ చేద్దాం, అంతే.

పోల్చి చూడ్డం 1970లలో మొదలైంది. ఇటలీలో మిలాన్ నగరంలో వెరోనేసి అనే డాక్టరు 1973 నించి 701 మందిని రెండు గుంపులు చేశాడు. రెండు సెంటీమీటర్ల లోపు గడ్డలున్నవాళ్ళు వీళ్ళంతా. సగం మందికి హాల్‌స్టెడ్ పద్ధతిలో మొత్తం తీసేశారు. మిగతా సగానికి గడ్డ ఉన్న భాగం మాత్రం తీసి, మిగిలిన రొమ్ముకి రేడియేషన్ ఇచ్చారు. అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ 1976లో ఇంకా పెద్ద ప్రయోగం మొదలుపెట్టాడు, 1,851 మందితో. ఈ ఇద్దరి ఇరవై ఏళ్ళ లెక్కలూ 2002లో ఒకేసారి అచ్చయ్యాయి. ఇరవై ఏళ్ళ తరవాత కూడా రొమ్ము మొత్తం పోగొట్టుకున్నవాళ్ళూ, గడ్డ మాత్రం తీయించుకున్నవాళ్ళూ బతికిన లెక్కలో తేడా లేదు!

ఇందులో ఒక షరతుంది, అదీ చెప్పాలి. గడ్డ మాత్రం తీసి రేడియేషన్ ఇవ్వకుండా వదిలేస్తే అదే రొమ్ములో జబ్బు తిరగబెట్టడం ఎక్కువ. ఫిషర్ లెక్కలో ఇరవై ఏళ్ళలో రేడియేషన్ లేనివాళ్ళలో నూటికి 39 మందికి అదే రొమ్ములో మళ్ళీ వచ్చింది. రేడియేషన్ తీసుకున్నవాళ్ళలో నూటికి 14 మందికి. అంటే గడ్డ తియ్యడం, రేడియేషన్ ఇవ్వడం, ఈ రెండూ కలిస్తేనే ఒక వైద్యం. ఒకటి చేసి రెండోది వదిలేస్తే సగం కట్టిన వంతెనలాంటిది.

అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 1990లోనే నిపుణుల్ని కూర్చోబెట్టి, మొదటి రెండు దశల్లో ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి రొమ్ము నిలబెట్టే వైద్యమే మేలని చెప్పించింది. 1990! నేను కంప్యూటరు మొహం కూడా చూడని రోజులవి. ఇన్నేళ్ళ తరవాత కూడా మిర్యాలగూడలో ఒకావిడకి ఇలాంటి దారి ఒకటుందని ఎవరూ చెప్పకపోతే దాన్నేమనాలి? తెలియదనా, తీరిక లేదనా, లేక "ఈవిడకి చెప్పి ఏం లాభంలే" అనా?

మూడోదే నిజమని నా అనుమానం.

మా బంధువుల్లో ఒకావిడ సంగతి చెప్తాను. మిర్యాలగూడ దగ్గర పల్లె. ఏ ఆస్పత్రో చెప్పను, అది ఇక్కడ ముఖ్యం కాదు. గడ్డ చూపించుకుందామని వెళ్ళింది. మూడో రోజుకల్లా రొమ్ము లేదు. ముక్క పరీక్ష రిపోర్టు ఆ తరవాత పది రోజులకి వచ్చింది. కాగితాల మీద సంతకం కొడుకు పెట్టాడు. ఆవిడకి స్పృహ ఉంది, చదువొచ్చు, సంతకం చెయ్యడం వచ్చు. అయినా పెన్ను ఆవిడ చేతికి ఇవ్వాలని ఎవరికీ తోచలేదు. "నన్నెవరన్న అడిగిన్రా?" అని ఆవిడ తరవాత ఒక్కసారి అంది. కోపంగా కూడా కాదు, ఊరికే.

అడగాలి. ఇది మర్యాద కోసం చెప్తున్న మాట కాదు, చట్టం. 2008 జనవరిలో సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో తీర్పిచ్చింది. ఢిల్లీలో ఒకావిడ పరీక్ష కోసం వెళ్తే, మత్తులో ఉండగా తల్లి దగ్గర ఒప్పుకోలు తీసుకుని గర్భసంచీ, అండాశయాలూ తీసేశారు. మేజరైన మనిషి, తెలివిలో ఉండి నిర్ణయం చెప్పగల మనిషి ఉండగా, ప్రాణం మీదకొచ్చిన అత్యవసరం లేనప్పుడు తల్లి ఒప్పుకోలు చెల్లదని కోర్టు చెప్పింది. పరీక్షకి ఒప్పుకున్నంత మాత్రాన ఆపరేషన్‌కి ఒప్పుకున్నట్టు కాదంది. చెయ్యబోయే వైద్యం ఏమిటో, దానికి బదులుగా వేరే ఏ దారులున్నాయో రోగికి చెప్పి మరీ ఒప్పుకోలు తీసుకోవాలంది. ఢిల్లీ ఆవిడకి వర్తించిన చట్టం మిర్యాలగూడ ఆవిడకి వర్తించదా?

ఇప్పుడు "పీడా పోతుంది" అన్న మాట సంగతి చూద్దాం. అందులో మూడు నమ్మకాలు కలిసి ఉన్నాయి. మూడూ సగం సగం నిజాలే.

మొదటిది, మొత్తం తీసేస్తే మళ్ళీ రాదని. రావచ్చు. రొమ్ము తీసేసిన చోట ఛాతీ మీద కూడా రావచ్చు. అంతకన్నా ముఖ్యంగా, మనిషి ప్రాణం తీసేది రొమ్ములో గడ్డ కాదు, అక్కణ్ణించి ఎముకలకీ, ఊపిరితిత్తులకీ, కాలేయానికీ పోయిన కణాలు. అవి ముందే బయల్దేరి ఉంటే రొమ్ము ఎంత కోసినా వెనక్కి రావు. దొంగ గోడ దూకి పోయాక ఇల్లు కూలగొట్టినట్టు. ఆ కణాల సంగతి చూసేవి మందులు. గడ్డకి ఈస్ట్రోజన్ రిసెప్టార్లు ఉంటే హార్మోను మాత్రలు, హెర్2 ఉంటే ట్రాస్టుజుమాబ్ లాంటి ఇంజెక్షన్లు, అవసరమైనవాళ్ళకి కీమో. ఐదేళ్ళు వేసుకునే టమాక్సిఫెన్ అనే చిన్న మాత్ర, రిసెప్టార్లున్నవాళ్ళలో ఈ జబ్బుతో చనిపోయే అవకాశాన్ని దాదాపు మూడో వంతు తగ్గిస్తుంది. మందుల షాపులో ఖరీదైన మందు కూడా కాదది. మన వాళ్ళు రొమ్ము తీసేయించుకుని, "ఇంక ఏం లేదు" అనుకుని ఆ మాత్ర ఆర్నెల్లకే మానేస్తారు. అసలు పీడా వదిలించే మాత్ర మానేసి, కోతని నమ్ముకుంటారన్నమాట.

రెండోది, మొత్తం తీసేస్తే కీమో తప్పుతుందని. తప్పదు. కీమో ఇవ్వాలా వద్దా అన్నది గడ్డ గుణాన్ని బట్టీ, సైజుని బట్టీ, చంక గ్రంథుల్లోకి పోయిందా లేదా అన్నదాన్ని బట్టీ ఉంటుంది. రొమ్ము ఎంత మిగిలిందన్నదాన్ని బట్టి కాదు.

మూడోది, మొత్తం తీసేస్తే "కరెంటు పెట్టించుకోవడం" తప్పుతుందని. ఇది కొందరి విషయంలో నిజమే. కానీ చంక గ్రంథుల్లో కాన్సరు కనపడితేనో, గడ్డ పెద్దదైతేనో రొమ్ము తీశాక కూడా రేడియేషన్ ఇవ్వాల్సి రావచ్చు. అటు రొమ్మూ పోయి, ఇటు హైదరాబాదు ప్రయాణమూ తప్పనివాళ్ళు ఉంటారు. ఈ సంగతి ముందే తెలిస్తే ఆవిడ వేరేగా ఆలోచించి ఉండేదేమో. ఎవరికి తెలుసు, ఎవరూ చెప్పలేదుగా.

ఈ మూడో నమ్మకంలోనే మా మూడూళ్ళ అసలు కథ ఉంది. సూర్యాపేట నించి హైదరాబాదు సుమారు 135 కిలోమీటర్లు. కోదాడ నించి సుమారు 175. సూర్యాపేటకీ కోదాడకీ రైలు లేదు, హైవే మీద బస్సే గతి. మిర్యాలగూడకి రైలుంది గానీ అదీ హైదరాబాదుకి దగ్గరేం కాదు. రేడియేషన్ అంటే ఒక రోజు పని కాదు. పాత పద్ధతిలో వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు వారాలు, అంటే 25 సార్లు. సూర్యాపేట నించి రోజూ పోయి వస్తే 6,750 కిలోమీటర్లు. మన దేశం ఉత్తరం కొస నించి దక్షిణం కొసకి 3,214 కిలోమీటర్లు. అంటే ఆ పేషెంటు దేశం పొడవునా పోయి మళ్ళీ వచ్చినంత ప్రయాణం చెయ్యాలి, పచ్చి కుట్లతో, ఎక్స్‌ప్రెస్ బస్సులో. కోదాడ ఆవిడకైతే 8,750.

ఇది చూసి సర్జన్ ఏమనుకుంటాడు? "ఈవిడ రాదు, మధ్యలో మానేస్తుంది, మొత్తం తీసేస్తే గొడవ ఉండదు." ఆయన్ని పూర్తిగా తప్పు పట్టలేను. మధ్యలో మానేసేవాళ్ళు ఉంటారు, గడ్డ తీసి రేడియేషన్ మానేస్తే ప్రమాదమే. కానీ ఆ లెక్క ఆయన ఒక్కడే మనసులో వేసుకోవడం తప్పు. లెక్క బయటికి చెప్పి, "వస్తావా తల్లీ, రాగలవా?" అని అడిగితే ఏం పోయింది?

పైగా ఆ లెక్క పాతబడిపోయింది. బ్రిటన్ వాళ్ళు 15 సార్లతో, అంటే మూడు వారాలతో సరిపెట్టొచ్చని ప్రయోగాలు చేసి చూపించారు. ఆ పదేళ్ళ ఫలితాలు 2013లోనే వచ్చాయి. ఆ తరవాత ఇంకా ముందుకెళ్ళారు. తొలి దశ రొమ్ము కాన్సరున్న 4 వేల మందికి పైగా ఆడవాళ్ళని తీసుకుని, కొందరికి 15 సార్లు, కొందరికి 5 సార్లు మాత్రమే ఇచ్చారు. సోమవారం మొదలుపెడితే శుక్రవారానికి అయిపోతుంది. 2020లో వచ్చిన ఐదేళ్ళ ఫలితాల ప్రకారం రొమ్ములో జబ్బు తిరగబెట్టడంలో ఐదుసార్ల పద్ధతి పాతదానికి తీసిపోలేదు. కోవిడ్ రోజుల్లో బ్రిటన్ ఆస్పత్రులు దాన్నే వాడుకలోకి తెచ్చాయి. అందరికీ ఇది కుదరదు. చంక గ్రంథులకి కూడా ఇవ్వాల్సి వస్తే, అదనపు డోసు కావాల్సి వస్తే రోజులు పెరగొచ్చు. కానీ కుదిరేవాళ్ళకి 25 రోజులెక్కడ, 5 రోజులెక్కడ! వారం రోజులు చుట్టాలింట్లో ఉండొచ్చు. వారం రోజులు కూలి పోయినా తట్టుకోవచ్చు. ఈ ఒక్క ముక్క తెలియక ఎంతమంది రొమ్ము పోగొట్టుకుంటున్నారో.

ఇంకో సంగతి. ఇదైతే నాకు చదివినప్పుడు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. మన ఇళ్ళలో "పెద్దావిడ, ఆమెకెందుకు, మొత్తం తీసేయండి" అంటాం కదా. సైన్సు సరిగ్గా దానికి ఎదురు చెప్తోంది. పెద్ద వయసు వాళ్ళకే తక్కువ వైద్యం చాలొచ్చంటోంది. 65 ఏళ్ళు దాటి, గడ్డ 3 సెంటీమీటర్ల లోపు ఉండి, చంకలోకి పాకకుండా, ఈస్ట్రోజన్ రిసెప్టార్లు ఉన్న 1,326 మందిని బ్రిటన్ వాళ్ళ ఆధ్వర్యంలో పరీక్షించారు. అందరికీ గడ్డ మాత్రం తీసి హార్మోను మాత్రలు ఇచ్చారు. సగం మందికి రేడియేషన్ కూడా ఇచ్చారు, సగం మందికి ఇవ్వలేదు. పదేళ్ళ ఫలితాలు 2023లో వచ్చాయి. రేడియేషన్ లేనివాళ్ళలో అదే రొమ్ములో తిరగబెట్టడం ఎక్కువే, నూటికి 9 లేదా 10 మందికి. ఇచ్చినవాళ్ళలో నూటికి ఒక్కరికి. కానీ బతికున్నవాళ్ళ సంఖ్య రెండు గుంపుల్లోనూ ఒకటే, నూటికి దాదాపు 81 మంది. అంటే మాత్ర క్రమం తప్పకుండా వేసుకునే పెద్దావిడకి గడ్డ తీసి, రేడియేషన్ కూడా లేకుండా వదిలేసే దారి ఒకటుంది. మనమేమో ఆవిడకే అన్నిటికన్నా పెద్ద కోత పెడుతున్నాం. వయసైపోయింది కదా అని!

ఇక చెయ్యి. రొమ్ము గురించి మాట్లాడ్డానికి సిగ్గుపడే వాళ్ళు కనీసం చెయ్యి గురించి వినండి. సాగర్ ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ, కోదాడ చుట్టుపక్కల వరి. నాట్లు వేసేదీ, కలుపు తీసేదీ ఆడవాళ్ళ చేతులు. కాన్సరు ఆపరేషన్లో చంకలో గ్రంథులన్నీ ఊడ్చేస్తే ఆ వైపు చెయ్యి వాచిపోయే ప్రమాదముంది. 2013లో ప్రపంచవ్యాప్త అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, గ్రంథులు మొత్తం తీసినవాళ్ళలో ఐదుగురిలో ఒకరికి చెయ్యి వాచింది. ముందు కాపలా ఉండే ఒకటి రెండు గ్రంథుల్ని మాత్రం రంగు వేసి గుర్తించి, తీసి చూసే పద్ధతి ఉంది. అందులో కాన్సరు లేకపోతే మిగతావాటి జోలికి పోనక్కర్లేదు. ఈ పద్ధతిలో చెయ్యి వాచింది నూటికి 5, 6 మందికే. ఆఫీసులో కీబోర్డు కొట్టుకునే నాలాంటి వాడికి వాచిన చెయ్యి ఇబ్బంది. నాటు కూలికి పోయే ఆవిడకి అది బతుకుతెరువు పోవడం. మరి "నువ్వేం పని చేస్తావమ్మా?" అని ఆపరేషన్‌కి ముందు అడిగేవాళ్ళెందరు?

ఇప్పుడు మీరు నా మీదకి విసరబోయే రాళ్ళు నాకు తెలుసు.

"రొమ్ము తీయించుకోవడం తప్పంటావా?" అననే అనను. కొందరికి అదే సరైన వైద్యం. ఒకే రొమ్ములో వేరువేరు చోట్ల గడ్డలుంటే, రొమ్ము సైజుకి గడ్డ మరీ పెద్దదైతే, ఇంతకుముందే అక్కడ రేడియేషన్ తీసుకుని ఉంటే, ఎంత తీసినా అంచుల్లో కాన్సరు మిగిలిపోతుంటే, వంశంలో జన్యువుల ద్వారా వచ్చే రకమైతే మొత్తం తియ్యడం మేలు కావచ్చు. ఇవేవీ లేకపోయినా, అన్నీ విన్న తరవాత ఆవిడే "నాకు ఈ తిరగడాలు వద్దు, మనసుకి నిమ్మళంగా ఉంటుంది, తీసెయ్యండి" అంటే అదీ నూటికి నూరుపాళ్ళు సరైన నిర్ణయమే. గడ్డ పెద్దగా ఉన్నవాళ్ళకి ముందు కీమో ఇచ్చి గడ్డని కరిగించి, తరవాత రొమ్ము నిలబెట్టే దారి కూడా ఒకటుంది. నేను కోతకి వ్యతిరేకిని కాదు. చెప్పకుండా కోయడానికి వ్యతిరేకిని.

"పల్లెటూరి వాళ్ళకి ఇవన్నీ చెప్తే అర్థమవుతాయా?" ఈ ప్రశ్న వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎకరానికి ఏ విత్తనం ఎన్ని బస్తాలిస్తుందో, ఏ పురుగుకి ఏ మందు ఎప్పుడు కొట్టాలో, చిట్టీ ఏ నెలలో పాడితే ఎంత నష్టమో నోటిలెక్కన చెప్పే మనిషికి "ఇలా చేస్తే ఇన్ని రోజులు పడుతుంది, అలా చేస్తే ఇంత ప్రమాదం, బతకడంలో తేడా లేదు" అన్న మూడు వాక్యాలు అర్థం కావా? అర్థం కానిది ఆవిడకి కాదు, తెలుగులో చెప్పడం మనకి చేతకాలేదు.

"సూది గుచ్చితే కాన్సరు పాకుతుందట కదా?" పాకదు. లావు సూదితో చిన్న ముక్క తీసి పరీక్ష చెయ్యడమే ప్రపంచమంతా పాటించే మొదటి మెట్టు. ఆ ముక్కలోనే రిసెప్టార్లు ఉన్నాయా లేవా తెలుస్తుంది. ఈ సూది భయం వల్లే "ముందు గడ్డ తీసేద్దాం, తరవాత చూద్దాం" అనేవాళ్ళ దగ్గర మనవాళ్ళు చిక్కుకుంటున్నారు. తరవాత చూసేసరికి అంచులు సరిగ్గా రాక, మళ్ళీ ఆపరేషన్. ఒకసారి అయ్యే పనికి రెండుసార్లు కోత.

"డబ్బుల్లేవు కదా మరి?" 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీలో కాన్సరు ఆపరేషన్లూ, కీమో, రేడియేషన్ ఉన్నాయి. తెలంగాణలో 2023 డిసెంబరు 9న దాని పరిమితి 10 లక్షలకి పెంచారు. సరిగ్గా అదే రోజు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టిక్కెట్టు తీసేశారు. ఆపరేషన్‌కి పథకముంది, బస్సుకి జీరో టిక్కెట్టుంది. మరి రాత్రి ఎక్కడ పడుకోవాలి? పక్కన ఉండే మనిషి కూలి ఎవరిస్తారు? ఇంట్లో పశువులకి గడ్డి ఎవరేస్తారు? వీటికి ప్యాకేజీ లేదు. అందుకే కాగితం మీద అన్ని దారులూ ఉన్న ఆవిడకి నిజంగా ఒక్క దారే మిగులుతోంది.

కోదాడ వాళ్ళకి విజయవాడ వంద కిలోమీటర్ల లోపే, హైదరాబాదు కన్నా చాలా దగ్గర. కానీ 2014 తరవాత మధ్యలో రాష్ట్రం సరిహద్దు వచ్చింది. పోయే ముందు మీ కార్డు అక్కడ చెల్లుతుందో లేదో కనుక్కుని పోండి. గడ్డకి సరిహద్దులు తెలియవు, కార్డుకి తెలుసు.

హైదరాబాదులో ఎమ్.ఎన్.జె. ప్రభుత్వ కాన్సరు ఆస్పత్రి 1955 నించీ ఉంది. బసవతారకం ఆస్పత్రి 2000లో మొదలైంది. ప్రపంచం మెచ్చిన రేడియేషన్ వైద్యుల్లో ఒకరైన నోరి దత్తాత్రేయుడు గారు మన తెలుగాయన, 2015లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. ఇన్ని ఉన్న చోట సూర్యాపేట, నల్లగొండ జిల్లాలు రెండూ కలిపి, 2011 లెక్కల ప్రకారమే 27 లక్షల జనాభా రేడియేషన్ అనగానే రాజధాని బస్సెక్కాల్సి రావడం ఏమిటి? రెండు చోట్లా 2019 నించి ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. 2025 కేంద్ర బడ్జెట్‌లో జిల్లా ఆస్పత్రులన్నిటిలో మూడేళ్ళలో డే కేర్ కాన్సర్ సెంటర్లు పెడతామన్నారు. మంచిదే, కీమో కోసం తిరగడం తగ్గుతుంది. కానీ రొమ్ము నిలబడాలంటే కావాల్సింది రేడియేషన్ మిషను. డే కేర్ అంటే అది కాదు.

"మిషనంటే కోట్లు, మందమైన కాంక్రీటు గదులు, అణుశక్తి వాళ్ళ అనుమతి, ఫిజిసిస్టు, ఇవన్నీ ఎక్కడ తెస్తాం?" అంటారు. ఒప్పుకుంటాను, రేపు పొద్దున్నే అయ్యే పని కాదు. మిషను వచ్చేదాకా ఈ కింది పనులకి కోట్లు అక్కర్లేదు:

ఒకటి. తొలి దశ రొమ్ము కాన్సరు ఆపరేషన్‌కి ముందు, ఏయే దారులు చెప్పారో తెలుగులో రాసిన ఒక పేజీ కాగితం మీద ఆవిడ సంతకం ఉండాలి. కొడుకుది కాదు. అది లేకుండా ఆరోగ్యశ్రీ అనుమతి ఇవ్వకూడదు. ఇప్పుడు ఎలాగూ ఫోటోలూ రిపోర్టులూ అప్‌లోడ్ చేస్తున్నారు, ఇంకో కాగితం బరువా?

రెండు. సూదితో ముక్క పరీక్షా, రిసెప్టార్ల రిపోర్టూ లేకుండా రొమ్ము తీసే ఆపరేషన్‌కి పథకం డబ్బు ఇవ్వొద్దు.

మూడు. హైదరాబాదు కాన్సరు ఆస్పత్రుల దగ్గర రేడియేషన్‌కి వచ్చే జిల్లాల ఆడవాళ్ళకీ, తోడు వచ్చినవాళ్ళకీ ఉండటానికి గదులు కావాలి. మిర్యాలగూడలో బియ్యం మిల్లులకి కొదవ లేదు. కల్యాణమండపాలు కట్టించే దాతలు మా మూడూళ్ళలోనూ ఉన్నారు. ఒక్క సత్రం రెడ్‌హిల్స్ దగ్గర కట్టించండి బాబూ, మీ పేరు పాలరాతి మీద చెక్కించుకోండి, ఎవరూ వద్దనరు.

నాలుగు. ఏ ఆస్పత్రిలో ఏడాదికి ఎన్ని తొలి దశ కేసులొచ్చాయి, ఎందరికి మొత్తం తీశారు, ఎందరికి నిలబెట్టారు అన్న లెక్క ప్రభుత్వం బయట పెట్టాలి. పథకం కంప్యూటర్లలో ఆ సమాచారం ఉంటుంది. చిన్న రిపోర్టు. నాలాంటి వాడు ఒక పూటలో రాసిస్తాడు, ఊరికే.

ఇవన్నీ తొలి దశలో దొరికితే సంగతి. దొరకాలంటే ఎవరో ఒకరు చెయ్యిపెట్టి చూడాలి. ముంబైలో 1998 నించి లక్షన్నర మంది ఆడవాళ్ళతో ఇరవై ఏళ్ళపాటు ఒక అధ్యయనం చేశారు. శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తో పరీక్ష చేశారు, పెద్ద మిషన్లేం లేవు. అలా చూసిన గుంపులో ముదిరిన దశలో దొరికినవి నూటికి 37, చూడని గుంపులో 47. యాభై దాటినవాళ్ళలో చావులు కూడా సుమారు మూడో వంతు తగ్గాయి. తెలంగాణలో 2023 మార్చి 8న మొదలుపెట్టిన ఆరోగ్య మహిళ కార్యక్రమంలో రొమ్ము పరీక్ష కూడా పెట్టారు. కాబట్టి సిగ్గుపడకుండా ఏఎన్ఎమ్‌తో చూపించుకోమని ఇంట్లో అమ్మకి చెప్పండి. ఆవిడ సిగ్గుపడేది డాక్టరు ముందు కాదు, మన ముందు.

ఇంతా చదివి "సరే, రేపు మా ఇంట్లో ఇలాంటిది వస్తే ఏం అడగాలి?" అంటారా? ఈ ఆరు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్ళండి.

1. ఇది ఏ దశ? గడ్డ ఎన్ని సెంటీమీటర్లు?
2. సూది ముక్క పరీక్ష అయిందా? ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్, హెర్2 రిపోర్టు ఏం చెప్పింది?
3. గడ్డ మాత్రం తీసి రొమ్ము నిలబెట్టే వీలుందా? లేకపోతే ఎందుకు లేదు?
4. చంకలో కాపలా గ్రంథిని మాత్రం తీసి చూడగలరా? ఇక్కడ ఆ సౌకర్యం లేకపోతే ఎక్కడుంది?
5. మొత్తం తీసినా రేడియేషన్ అవసరం రావచ్చా? వస్తే ఎన్ని రోజులు? 15 రోజులదో 5 రోజులదో మాకు కుదురుతుందా?
6. ఆపరేషన్ తరవాత ఏ మాత్రలు, ఎన్నేళ్ళు?

ఈ ప్రశ్నలకి విసుక్కోకుండా జవాబు చెప్పే డాక్టరు దొరికితే ఆయన చెప్పినట్టు చెయ్యండి. విసుక్కుంటే హైదరాబాదు పోయి ఇంకొకరిని అడగండి. గడ్డ కనపడ్డ రోజునే కోసెయ్యాల్సిన అత్యవసరం సాధారణంగా ఉండదు. రిపోర్టులు చేతికి రావడానికీ, రెండో డాక్టరు మాట వినడానికీ ఒకటి రెండు వారాలు తీసుకోవచ్చు. నెలలకి నెలలు నాన్చడం, నాటుమందు పసర్ల కోసం తిరగడం మాత్రం ప్రమాదం. ఆ రెండిటికీ తేడా తెలుసుకోండి.

ఆ ప్రశ్నలు అడిగేటప్పుడు దయచేసి ఆవిణ్ణి బయట బెంచీ మీద కూర్చోబెట్టకండి. లోపలికి తీసుకెళ్ళి డాక్టరుకి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చోబెట్టండి. మీరు వెనక నిలబడండి. జవాబులన్నీ విన్నాక ఆవిడ "తీసెయ్యండి" అన్నా, "ఉంచండి" అన్నా, ఆ మాట ఆవిడ నోటి నించి రావాలి.